‘కాదు కదా మేడమ్?’: ఒక ఓసీడీ కేసు, దారి తప్పిన నాలుగు సెషన్లు

ఇది ఓసీడీతో (వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటి భయం తగ్గించుకోవడానికి పదేపదే చేసే పనులు ఉండే జబ్బు) నా దగ్గరికి వచ్చిన ఒక తల్లి కేసు. దీన్ని రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. ఎవరో గుర్తుపట్టకుండా వయసు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. రాశాక ఆమెకు చూపించాను, రెండు చోట్ల ఆమె చెప్పినట్టు దిద్దాను. లక్షణాలు, సెషన్ల క్రమం, స్కోర్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను. నా పొరపాట్లు కూడా.

కేసులోకి వెళ్ళేముందు నా గురించి కాస్త చెప్పాలి. ఎందుకంటే ఇందులో జరిగిన తప్పు నాకు చేతకాక జరిగింది కాదు, నాకు బాగా చేతనైన పని వల్ల జరిగింది.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. ప్రాక్టీసు మొదలుపెట్టి 14 ఏళ్ళు. చాలామంది నన్ను డాక్టర్ గారూ అని పిలుస్తూ వస్తారు, మందు రాసిమ్మంటారు. మందులు రాసేది సైకియాట్రిస్టు. నా పని అంచనా వేయడం, మాటలతో, అభ్యాసాలతో చికిత్స చేయడం. సైకాలజీలో పీజీ అయ్యాక ఒక పెద్ద ఆసుపత్రిలో సీనియర్ల పర్యవేక్షణలో శిక్షణ తీసుకున్నాను. మొదటి ఏడాదంతా పరీక్షలే: తెలివితేటల పరీక్ష, జ్ఞాపకశక్తి పరీక్ష, వార్డులో కొత్తగా చేరినవాళ్ళ కేస్ హిస్టరీ. అప్పట్లో విసుగ్గా ఉండేది. తర్వాత తెలిసింది, అసలు ఈ వృత్తి మొదలైందే అలా అని. 1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ మొట్టమొదటి సైకాలజీ క్లినిక్ తెరిస్తే, ఆయన దగ్గరికి వచ్చిన తొలి కేసు స్పెల్లింగ్ రాని ఒక అబ్బాయిది. ముందు జాగ్రత్తగా చూడు, ఆ తర్వాతే ఏదైనా చెయ్యి అన్నది అప్పటినుంచీ ఉన్న పద్ధతి.

రెండో ఏడాది నాకు దొరికిన సూపర్‌వైజర్ అమెరికన్ సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ దారిలో నడిచే మనిషి. మనిషి మారాలంటే థెరపిస్టు దగ్గర సహానుభూతి, షరతుల్లేని ఆదరణ, నిజాయితీ ఉండాలని రోజర్స్ 1957లో రాశాడు. మా సూపర్‌వైజర్ దాన్ని ఇంకా సులువు చేసి చెప్పేవారు: ‘గదిలోకి వచ్చినవాళ్ళు వచ్చినప్పటికంటే తేలికపడి వెళ్ళాలి.’ ఆ మాట నాలో బలంగా నాటుకుంది. తర్వాత కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల మీద, ప్రవర్తన మీద పనిచేసే చికిత్స) నేర్చుకున్నాను, ఆందోళన సమస్యలు నా ప్రధాన రంగమయ్యాయి. అయినా నా బలం ఏమిటని ఎవరైనా అడిగితే, నా దగ్గర జనం తేలికపడతారని చెప్పుకునేదాన్ని. అందులో కొంచెం గర్వం కూడా ఉండేది, దాచుకోవడమెందుకు.

మొదటి రోజు

ఆమెకు 31 ఏళ్ళు. మొదటి కాన్పు, నాలుగున్నర నెలల పాప. సైకియాట్రిస్టు పంపిన చీటీలో మూడు ముక్కలే ఉన్నాయి: ప్రసవం తర్వాతి ఓసీడీ అనుమానం, అంచనా వేసి ఈఆర్‌పీ ఆలోచించండి, మందు ప్రస్తుతానికి వద్దన్నారు. ఈఆర్‌పీ అంటే భయపడేదాన్ని కావాలనే ఎదుర్కొనే థెరపీ, వివరంగా తర్వాత చెప్తాను.

భర్తతో వచ్చారు. ఆయన్ని బయట కూర్చోబెట్టాక కూడా చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇది:

“నేను చెప్పేది విన్నాక పాపని నా దగ్గర్నుంచి తీసేయమని ఎవరికైనా చెప్తారా మేడమ్?”

ఇలాంటిచోట ‘అబ్బే, లేదండీ’ అనేయాలనిపిస్తుంది. కానీ గోప్యతకు ఉన్న హద్దులు ముందే చెప్పడం నా బాధ్యత. పాపకిగానీ మీకుగానీ నిజంగా ప్రమాదం ఉందనిపిస్తే, ఆ సంగతి మీకు చెప్పి మరీ అవసరమైనవాళ్ళతో మాట్లాడతాను, అయితే భయపెట్టే ఆలోచన రావడం ఒక్కటే ప్రమాదం కిందికి రాదు అన్నాను. ఆమె నేలవైపు చూస్తూ ఇరవై నిమిషాల్లో మొత్తం చెప్పేశారు.

పాప పుట్టిన మూడో వారం. వంటింట్లో కూరగాయలు తరుగుతున్నారు, పాప పక్కనే ఉయ్యాల్లో నిద్రపోతోంది. ఉన్నట్టుండి ‘ఈ కత్తితో పొడిచేస్తే?’ అన్న ఆలోచన, దాంతోపాటు ఒక దృశ్యం. కత్తి వదిలేసి బయటికి పరిగెత్తారు. రెండు రోజుల తర్వాత స్నానం చేయిస్తుంటే ‘నీళ్ళలో వదిలేస్తే?’ అని. తర్వాత దిండు, తర్వాత కిటికీ. నెల తిరిగేసరికి ఇంట్లో కత్తులన్నీ బీరువాలోకి, తాళం భర్త జేబులోకి వెళ్ళాయి. స్నానం వాళ్ళమ్మగారు చేయిస్తున్నారు. పాపతో ఒంటరిగా ఒక్క నిమిషం ఉండరు. రాత్రి వేరే గదిలో పడుకుంటారు, నిద్రలో నడిచి వెళ్ళి ఏదైనా చేసేస్తానేమోనని భర్తను బయట గడియ పెట్టమంటారు. పొద్దున్నే పాప ఒళ్ళంతా వెతుకుతారు, ఎక్కడైనా మచ్చ ఉందేమోనని. అర్ధరాత్రి దాటేదాకా ఫోన్లో బిడ్డలను చంపుకున్న తల్లుల వార్తలు చదువుతారు, వాళ్ళకూ తనకూ పోలికలున్నాయేమో చూసుకోవడానికి. రోజుకు అయిదారు గంటలు దీనికే పోతున్నాయి.

మా దగ్గరికి రాకముందు ఇంకొకరి దగ్గర సలహా తీసుకున్నారు. పాపతో ఒంటరిగా ఉండకపోవడమే మంచిదని అక్కడ చెప్పారట. జాగ్రత్తగా మాట్లాడామని అవతలివాళ్ళు అనుకొని ఉంటారు. ఆమెకు మాత్రం అది తీర్పులా వినిపించింది: నిపుణులకే నా మీద నమ్మకం లేదు, అంటే నేను నిజంగానే ప్రమాదకరమన్నమాట, అని.

పాత చరిత్రలో రెండు విషయాలు దొరికాయి. పదిహేడేళ్ళప్పుడు పరీక్షల్లో జవాబుపత్రం మీద నంబరు సరిగ్గా వేశానా లేదా అని సమయం అయిపోయేదాకా చూసుకుంటూ ఉండిపోవడం. ఇరవై నాలుగేళ్ళప్పుడు కొన్ని నెలలపాటు స్టవ్వు, తలుపు తాళం పదేపదే చూడటం. దాన్ని ఇంట్లో చాదస్తం అనేవారట. తనంతట తానే తగ్గింది.

అంచనా

ఇక్కడ తొందరపడకూడదు. ప్రసవం తర్వాత బిడ్డకు హాని చేస్తాననే మాట విన్నప్పుడు థెరపిస్టు బుర్రలో మొదట తిరగాల్సిన పేరు ప్రసవానంతర సైకోసిస్, అంటే కాన్పు తర్వాత వాస్తవంతో సంబంధం తెగిపోయే తీవ్రమైన మానసిక స్థితి. వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటికి వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే మొదలవుతుంది, వెంటనే ఆసుపత్రిలో చేర్చాల్సిన అత్యవసర పరిస్థితి. కాబట్టి ఒక్కొక్కటీ అడిగాను. ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తున్నాయా? పాప గురించి వింత నమ్మకాలేమైనా ఉన్నాయా, ఎవరో మార్చేశారని, ఏదో శక్తి ఆవహించిందని? నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారుగా ఉందా? రోజు, వారం తెలియనంత అయోమయం ఉందా? ఇంట్లో ఎవరికైనా బైపోలార్ (విపరీతమైన హుషారు, తీవ్రమైన దిగులు మారిమారి వచ్చే జబ్బు) ఉందా? అన్నిటికీ లేదనే జవాబు. భర్తను విడిగా అడిగినా అదే.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి: ఆ ఆలోచన వచ్చినప్పుడు మీకేమనిపిస్తుంది? ఆమె ముఖం చూస్తే చాలు. అసహ్యం, భయం, సిగ్గు. ఆలోచన తన స్వభావానికి పూర్తిగా వ్యతిరేకమైంది కాబట్టే ఆమె కత్తులు దాచారు. సైకోసిస్‌లో అలా కాదు, అక్కడ ఆ ఆలోచన సరైనదే అనిపించవచ్చు, చేయాల్సిన పనిలా అనిపించవచ్చు. ఈ తేడా పట్టుకోలేక తల్లీబిడ్డలను విడదీస్తే ఓసీడీ ఇంకా గట్టిపడుతుంది. తేడా ఉందనుకొని అసలు ప్రశ్నలే అడక్కపోతే ప్రాణాల మీదికి వస్తుంది. రెండు వైపులా గొయ్యే.

వై-బాక్స్ స్కోరు 40కి 27. ఇది 1989లో వచ్చిన ఓసీడీ కొలబద్ద. పది ప్రశ్నల్లో అయిదు ఆలోచనల మీద, అయిదు ఆ ఆలోచనల వల్ల చేసే పనుల మీద. 24 నుంచి పైకి తీవ్రమని లెక్క. ప్రసవానంతర డిప్రెషన్ కోసం వాడే ఎడిన్‌బరో స్కేలులో 30కి 14 వచ్చింది. దాంట్లో పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవడం గురించి. అక్కడ సున్నా ఉన్నా నోటితో మళ్ళీ అడుగుతాను, ఎప్పుడూ. చచ్చిపోవాలనే ఆలోచన లేదు, ‘నేను లేకపోతే పాప క్షేమంగా ఉంటుందేమో’ అని రెండుసార్లు అనిపించిందన్నారు. ఆ సంగతి అదే రోజు, ఆమెకు చెప్పే, సైకియాట్రిస్టుకు తెలియజేశాను.

కాగితం మీద బొమ్మ

ఫార్ములేషన్, అంటే సమస్య ఎలా మొదలై ఎలా కొనసాగుతోందో చూపే వివరణ, నేను ఒక్కదాన్నే రాయను. ఒక తెల్లకాగితం మధ్యలో పెట్టుకొని క్లయింటుతో కలిసి గీస్తాను. ఇక్కడ బొమ్మ మధ్యలో రాసింది ‘పొడిచేస్తే?’ అన్న మాట. అది ఎవరికైనా వస్తుందా అని ఆమె అడిగారు. 1978లో రాక్‌మన్, డిసిల్వా ఏ జబ్బూ లేని మామూలు మనుషులను అడిగితే, సుమారు 80 శాతం మంది ఇలాంటి అసంబద్ధమైన, రోత పుట్టించే ఆలోచనలు తమకూ వస్తాయన్నారు. ఎత్తైన చోట నిలబడితే దూకేస్తే అనిపించడం, పక్కనున్న మనిషిని తోసేస్తే అనిపించడం. వాళ్ళ ఆలోచనకీ ఓసీడీ ఉన్నవాళ్ళ ఆలోచనకీ విషయంలో పెద్ద తేడా లేదు. ఆలోచన వచ్చిన తర్వాత దానికి ఏం అర్థం చెప్పుకుంటాం అన్నదగ్గరే దారులు చీలతాయి. 1985లో సాల్కోవ్‌స్కిస్ ఆ చీలికకు బాధ్యత అని పేరు పెట్టాడు: ఈ ఆలోచన నాకు వచ్చిందంటే జరగబోయేదానికి నేనే బాధ్యురాలిని, ఆపకపోతే చేసినట్టే, అనే లెక్క.

బొమ్మలో మధ్య మాట నుంచి బాణం గీసి ‘నేను రాక్షసిని’ అని ఆమే రాశారు. అక్కడినుంచి కత్తులు దాచడం, మచ్చలు వెతకడం, వార్తలు చదవడం, భర్తను అడగడం. ప్రతి దాన్నుంచీ వెనక్కి ఒక బాణం. కాసేపు ఉపశమనం, తర్వాత ఆలోచన ఇంకా బలంగా. తలలోంచి తరిమేయాలని చూస్తే ఏమవుతుందో చూపించడానికి తెల్ల ఎలుగుబంటి ప్రయోగం చేయించాను. వెగ్నర్ 1987లో చేసిందే: అయిదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి తలచుకోవద్దు, తలపుకొస్తే గంట కొట్టు. మా దగ్గర గంట లేదు, బల్ల మీద పెన్నుతో కొట్టమన్నాను. ఆమె చాలాసార్లు కొట్టారు, వచ్చిన తర్వాత మొదటిసారి నవ్వారు.

బొమ్మ బాగానే వచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో ఉంది. దానిలో ఒక బాణం గీయడం ఇద్దరమూ మరిచిపోయాం.

దారి తప్పిన సంగతి

రెండో సెషన్ నుంచి అయిదో సెషన్ దాకా ఏం జరిగిందో నా నోట్స్ చూస్తే ఇలా ఉంది: ‘క్లయింటు చివర్లో చాలా తేలికపడ్డారు.’ ‘కన్నీళ్ళు, తర్వాత ప్రశాంతత.’ ‘అనుబంధం బలంగా ఉంది.’ వాటి కింద ఎక్స్‌పోజర్ (ఈఆర్‌పీలో భయపడేదాన్ని ఎదుర్కొనే భాగం) గురించి మాత్రం ఒకే వాక్యం, ప్రతిసారీ అదే: వచ్చేసారి మొదలుపెట్టాలి.

వాయిదా వేయడానికి ప్రతిసారీ ఏదో కారణం దొరికేది. ఆమె బాగా అలసిపోయి ఉన్నారు, ఇంకాస్త నమ్మకం కుదరాలి, నిద్ర సరిపడా లేదు. ఈలోగా ఆమె సెషన్లో ఒక ప్రశ్న అడిగేవారు. మాటలు మారినా సారం ఒకటే.

“నేను అలాంటిదాన్ని కాదు కదా మేడమ్?”

“కాదండీ. అలాంటివాళ్ళు ఇలా బాధపడరు.”

నిజమైన మాటే. శాస్త్రం ఒప్పుకునే మాటే. మొదటిసారి చెప్పినప్పుడు అది సమాచారం. మూడో సెషన్ తర్వాత మెసేజులు మొదలయ్యాయి. అత్యవసరమైతే పంపండి అని నంబరు నేనే ఇచ్చాను. ‘మేడమ్, ఈరోజు పాప ఏడుస్తుంటే నాకు కోపం వచ్చింది. ఇది కూడా ఓసీడీయేనా, లేక నిజంగానే?’ నేను రెండు లైన్లు రాసేదాన్ని. కృతజ్ఞతలు చెప్పేవారు. మర్నాడు ఇంకోటి. అయిదో వారం వై-బాక్స్ మళ్ళీ చేస్తే 28. ఒక పాయింటు పెరిగింది. తీవ్రత ఎక్కువగా ఉన్న కేసు, సమయం పడుతుంది అని రాసుకున్నాను.

ఇప్పుడు నాకున్న సూపర్‌వైజర్ వేరే. 14 ఏళ్ళ అనుభవం వచ్చాక కూడా నెలకు రెండుసార్లు ఆవిడ దగ్గర కూర్చుంటాను. ఇది బలహీనత అనుకునేవాళ్ళు మా వృత్తిలోనే ఉన్నారు. కళ్ళజోడు పెట్టుకున్న సర్జన్ని ఎవరూ అలా అనుకోరు. క్లయింటు అనుమతితో రికార్డు చేసిన అయిదో సెషన్ ఆవిడకు వినిపించాను. ఆవిడ ఏమీ అనలేదు, ఒక కాగితం మీద గీతలు గీస్తూ కూర్చున్నారు. చివర్లో లెక్క చూపించారు. 50 నిమిషాల్లో క్లయింటు భరోసా అడిగింది 11 సార్లు, నేను ఇచ్చింది 13 సార్లు. అంటే రెండుసార్లు అడక్కుండానే ఇచ్చాను.

“నీ దగ్గర్నుంచి వెళ్ళాక ఆ తేలిక ఎంతసేపు ఉంటోందో ఎప్పుడైనా అడిగావా?” అన్నారు.

అడగలేదు. తర్వాతి సెషన్లో అడిగితే ఆమె మొహమాటపడుతూ చెప్పారు: “మొదట్లో మర్నాడు పొద్దున్న దాకా ఉండేది మేడమ్. ఇప్పుడు లిఫ్టు దిగేదాకా.”

బొమ్మలో మేం గీయని బాణం అదే. భర్తను అడగడం, ఫోన్లో వెతకడం పక్కన ‘మేడమ్‌ని అడగడం’ కూడా ఉండాలి. వారానికొకసారి సెషన్ పేరుతో ఆమె చేస్తున్న కంపల్షన్‌కి (భయం తగ్గించుకోవడానికి పదేపదే చేసే పనికి) నేను కుర్చీ వేసి కూర్చున్నాను. బోర్డిన్ 1979లో థెరపీ బంధాన్ని మూడుగా విడదీశాడు: ఇద్దరి మధ్య ఆత్మీయత, ఎక్కడికి వెళ్ళాలన్న దానిమీద ఒప్పందం, అక్కడికి వెళ్ళడానికి ఏం చేయాలన్న దానిమీద ఒప్పందం. నా నోట్స్‌లో ‘అనుబంధం బలంగా ఉంది’ అని రాసుకున్నది మొదటిదే. మూడోది అసలు మొదలుకాలేదు.

ఆరో సెషన్

దీన్ని ఆమెతో ఎలా చెప్పాలన్నది నాకు పెద్ద టెన్షన్. ఇప్పటిదాకా జవాబిచ్చిన మనిషి ఉన్నట్టుండి ఇవ్వనంటే, ‘నా గురించి ఈవిడకి కూడా ఏదో అనుమానం వచ్చింది’ అనుకుంటారు. చుట్టూ తిప్పకుండా చెప్పాను: ఈ అయిదు వారాలూ మీకు సాయం చేస్తున్నాననుకుంటూ ఓసీడీకి సాయం చేశాను, తప్పు నాది, మీరు అడగడం తప్పు కాదు. పాత కాగితం తీసి ఆ బాణం గీశాను.

ఆమె కాసేపు దానివైపే చూశారు. తర్వాత వచ్చిన కోపం నేను ఊహించలేదు. “అంటే ఇంక మిమ్మల్ని కూడా అడక్కూడదా? ఇంకెవరున్నారు నాకు?” అన్నారు. పాత అలవాటు ప్రకారం నా నోటి చివరిదాకా ఒక ఓదార్పు మాట వచ్చింది. మింగేశాను. మీకు కోపం రావడం న్యాయమే అని మాత్రం అన్నాను, మిగిలిన నిశ్శబ్దాన్ని అలాగే ఉండనిచ్చాను. రోజర్స్ చెప్పిన సహానుభూతి అవసరమైంది నిజానికి అప్పుడే. బాధను వెంటనే తుడిచేయకుండా దాని పక్కన కూర్చోవడం ఓదార్చడం కన్నా కష్టమైన పని.

ఆరోజు ఒక ఒప్పందం రాసుకున్నాం. ఆ ప్రశ్న వస్తే నేను ఇచ్చే జవాబు ఒకటే: ‘అది ఓసీడీ అడిగే ప్రశ్న. ఇప్పుడు దానికి జవాబు లేకుండా ఉండటానికి మీకేం కావాలి?’ మెసేజుల్లో అపాయింట్‌మెంటు సంగతులు, లేదా నిజంగా తనకు తాను హాని చేసుకోవాలనిపిస్తే మాత్రమే. రెండోదానికి ఏ షరతూ లేదు, ఏ గంటకైనా. ఈ మినహాయింపు రాయకుండా భరోసా ఆపేయడం ప్రమాదం.

ఏడో సెషన్ తర్వాత ఆమె సైకియాట్రిస్టుతో మళ్ళీ మాట్లాడి సెర్‌ట్రలిన్ మొదలుపెట్టారు, పాలిచ్చే తల్లి అన్నది దృష్టిలో పెట్టుకొనే ఆయన ఆ మందు ఎంచుకున్నారు. ఓసీడీలో ఈ మందుల ఫలితం పూర్తిగా కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. అందుకని తర్వాత వచ్చిన మెరుగుదలలో థెరపీ వాటా ఎంత, మందు వాటా ఎంత అని విడదీసి చెప్పుకోవడానికి ఈ కేసులో వీల్లేదు.

కత్తి బీరువాలోంచి బయటికి

ఈఆర్‌పీ అంటే భయం పుట్టించే పరిస్థితిలోకి కావాలనే వెళ్ళడం, వెళ్ళాక మామూలుగా చేసే కంపల్షన్ చేయకుండా ఉండటం. 1966లో విక్టర్ మేయర్ ఇద్దరు రోగులతో ఈ పని చేసేదాకా ఈ జబ్బుకు పెద్దగా ఆశ ఉండేది కాదు. ఆ తర్వాత వచ్చిన పరిశోధన చాలా ఉంది, ఈరోజుకీ ఓసీడీకి ముందు వరసలో ఉండే థెరపీ ఇదే.

ఒక హద్దు స్పష్టంగా చెప్పాలి. ఎక్స్‌పోజర్ పేరుతో ప్రమాదకరమైన పని ఏదీ చేయించను. ఆమెతో చేసినవన్నీ ఏ తల్లయినా రోజూ చేసే పనులే. కత్తితో కూరగాయలు తరగడం, బిడ్డకు నీళ్ళు పోయడం, బిడ్డ పక్కన పడుకోవడం. కొత్తగా ఏదో సాహసం చేయించడం కాదు, ఓసీడీ లాక్కున్న పనులను వెనక్కి తెచ్చుకోవడం.

సున్నా నుంచి వంద దాకా భయానికి మార్కులు వేస్తూ ఆమే జాబితా రాశారు. బీరువా తాళంచెవి తన దగ్గర పెట్టుకోవడం 30. పాప వేరే గదిలో ఉండగా కత్తి పట్టుకోవడం 45. పాప ఉయ్యాల్లో, తాను అదే గదిలో తరుగుతూ ఉండటం 75. ఇంట్లో ఎవరూ లేనప్పుడు స్నానం చేయించడం 95. ‘నేను నా పాపకి హాని చేయవచ్చు, చేయకపోవచ్చు, ఖచ్చితంగా ఎప్పటికీ తెలియదు’ అన్న వాక్యం చేత్తో రాసి చదవడం 100. కత్తి కంటే వాక్యం ఎక్కువ భయపెట్టింది. అది చూసి నాకు ఆశ్చర్యం వేయలేదు. ఓసీడీ అడిగేది భద్రత కాదు, నూటికి నూరుపాళ్ళు గ్యారంటీ. అది ఎవరి గురించీ ఎవరూ ఇవ్వలేరు.

మొదటి మూడు మెట్లు అనుమానం వచ్చేంత సులువుగా ఎక్కేశారు. తొమ్మిదో సెషన్లో పాపకు బదులు ఒక ఆటబొమ్మను ఉయ్యాల్లో పెట్టి, కత్తి బల్ల మీద పెట్టి కూర్చున్నాం. 70 దగ్గర మొదలైన భయం రెండు నిమిషాల్లో 20కి పడిపోయింది. నేను ఇంతకుముందైతే సంతోషించేదాన్ని. ఈసారి ఆమె పెదవుల వైపు చూశాను. కదలడం లేదు. కానీ కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటిగా బొటనవేలిని తాకుతున్నాయి.

“లోపల ఏం జరుగుతోంది?” అని అడిగాను.

చాలాసేపటికి చెప్పారు. ‘నేను మంచి తల్లిని’ అని ఏడుసార్లు అనుకుంటారట, ఏడూ సరిగ్గా పూర్తయితే ఆ ఆలోచన రద్దయినట్టు. మూడు నెలలుగా చేస్తున్నారు, అది కూడా కంపల్షన్ అని ఆమెకు తోచలేదు. నేను ఇవ్వడం మానేసిన భరోసాను తనకు తాను ఇచ్చుకుంటున్నారు. బయటికి కనిపించే పనులు ఆపించి లోపల జరిగేది అడక్కపోతే ఎక్స్‌పోజర్ ఉత్త నాటకమే అవుతుంది. ఈ సంగతి కొత్తవాళ్ళకు పాఠం చెప్పేటప్పుడు నేనే చెప్తాను. నా సొంత కేసులో తొమ్మిదో సెషన్ దాకా అడగలేదు.

మంత్రంలా వచ్చే ఆ మాట మధ్యలో వస్తే ఏం చేయాలి? ఆపమంటే తెల్ల ఎలుగుబంటి కథే. దాన్ని చెడగొట్టాలని అనుకున్నాం. మూడోసారి దగ్గర ఆపేసి, ‘ఏమో, కావచ్చు కాకపోవచ్చు’ అని చేర్చడం. మొదటి వారం ఆమెకు నరకం. భయం 80 దగ్గర ముప్ఫై అయిదు నిమిషాలు కదల్లేదు. అయినా లేచి వెళ్ళిపోలేదు. అంత భయంలోనూ తాను ఏమీ చేయకుండా కూర్చోగలనని ఆమె చూసుకున్నది ఆరోజే. భయం తగ్గిందా లేదా అన్నదానికంటే అదే ముఖ్యం.

ఇంట్లోవాళ్ళు

భర్తను రెండు సెషన్లకు పిలిచాను. మంచి మనిషి, అలసిపోయిన మనిషి. రోజుకు ముప్ఫై నలభైసార్లు ‘నువ్వలా చేయవు’ అని చెప్తున్నారు. చెప్పడం ఆపేస్తే క్రూరంగా ఉంటుందేమోనని ఆయన భయం. నేను కూడా ఇదే తప్పు చేశానని చెప్పాక ఆయన భుజాలు కాస్త దిగాయి. ఇద్దరూ కలిసి ఒక మాట ఎంచుకున్నారు: ‘ఆ ప్రశ్నకి జవాబు చెప్పను, నీ పక్కన మాత్రం కూర్చుంటాను.’ గడియ పెట్టడం పన్నెండో వారంలో మానేశారు.

వాళ్ళమ్మగారి సంగతి అంత సాఫీగా జరగలేదు. ఆవిడకు మొత్తం చెప్పడం కూతురికి ఇష్టం లేదు, ఆ నిర్ణయం కూతురిదే. స్నానం చేయించే పని తిరిగి తీసుకుంటానంటే ఆవిడ నొచ్చుకున్నారు. మూడు వారాలు వంతులు వేసుకున్నారు. థెరపీ పుస్తకాల్లో ఈ వంతుల గురించి ఉండదు.

పదమూడో సెషన్ ముందు పాపకు జ్వరం వచ్చింది. నేనేమైనా చేశానా అన్న వెతుకులాట మళ్ళీ మొదలు, ఒక్క రాత్రిలో ఫోన్లో నాలుగు గంటలు. మొత్తం మళ్ళీ మొదటికొచ్చిందని ఏడ్చారు. నాకు ఒక మెసేజు వచ్చింది, రాత్రి రెండింటికి: ‘అడగాలని ఉంది. అడగడం లేదు.’ ఒప్పందం ప్రకారం ఇది పంపకూడని మెసేజే. పొద్దున్నే ‘చదివాను, గురువారం మాట్లాడదాం’ అని మాత్రం రాశాను. అది కూడా భరోసాయేనా అని సూపర్‌వైజర్‌తో అరగంట వాదించాను. మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదరలేదు.

లెక్కలు

పదో సెషన్‌లో వై-బాక్స్ 21. పద్దెనిమిదో సెషన్‌లో, అంటే అయిదు నెలలు పూర్తయ్యేసరికి, 11. మొదటి స్కోరు నుంచి 35 శాతం తగ్గితే చికిత్స పనిచేసినట్టు లెక్కేస్తారు. ఇక్కడ దాదాపు 59 శాతం తగ్గింది. ఎడిన్‌బరో స్కోరు 6. జాబితాలో 95 వేసుకున్న పని, ఇంట్లో ఎవరూ లేకుండా స్నానం చేయించడం, పదహారో వారంలో చేశారు. ఎలా జరిగిందంటే, “నీళ్ళు కాస్త చల్లగా అయ్యాయి మేడమ్, పాప ఏడ్చింది” అన్నారు. ఆలోచన వచ్చిందా అని అడిగితే, “వచ్చింది. కానీ సబ్బు కళ్ళల్లో పడకుండా చూసుకోవడంలో ఉన్నాను.”

మూడు నెలల తర్వాత ఫాలోఅప్‌లో 9. ఆరు నెలలకు 12. మళ్ళీ ఉద్యోగంలో చేరారు, నిద్ర తగ్గింది, ఆఫీసు నుంచి పాపను చూసుకునేవాళ్ళకు రోజుకు మూడునాలుగుసార్లు ఫోన్ చేస్తున్నారు. అందులో ఎన్ని తల్లి చేసే ఫోన్లు, ఎన్ని ఓసీడీ చేయించే ఫోన్లు అని ఇద్దరం కూర్చుని విడదీశాం. పొద్దున్న ఒకటి తల్లిది అని తేలింది. మిగతావి వారానికొకటి చొప్పున తగ్గించాలని రాసుకున్నాం.

ఆ రోజే ఇంకో సంగతి చెప్పారు. ముందువారం వంటింట్లో, పాప కాళ్ళకు చుట్టుకొని నిలబడి ఉంటే, ఆ పాత దృశ్యం మళ్ళీ కళ్ళముందుకు వచ్చిందట. కత్తి పక్కన పెట్టలేదు, తరగడం పూర్తి చేశారు. కానీ రాత్రి మాత్రం ఆగలేక భర్తను ఒకసారి అడిగారు. ఆయన జవాబు చెప్పలేదు, పక్కన కూర్చున్నారు. కాసేపటికి ఆయనే నిద్రపోయారట.

“నాకు అప్పుడు కోపం రావాలి కదా మేడమ్, నవ్వొచ్చింది” అన్నారు.

తర్వాతి అపాయింట్‌మెంటు మూడు నెలలకు వేశాం.